‘రా బిడ్డ రా’: బిడ్డనా, బిడ్డానా?

కాజీపేట బిడ్డ:
మా బాపు కాజీపేట జంక్షన్‌లో సిగ్నలర్. డ్యూటీలో ఉన్నంతసేపూ తార్ (టెలిగ్రాఫ్) కీ మీదే చెయ్యి. ఇంటికొస్తే మాత్రం మోర్సు మాట, అదే పొడుగు పొట్టి టక్కులతో అక్షరాలు పంపే తార్ భాష మాట, ఎత్తేవాడు కాదు. నాకు నేర్పింది ఒక్క అక్షరమే. నా అరచెయ్యి చాపించి, వేళ్ల మొదళ్ల దగ్గర ఒక్కో చోట బొటనవేలితో నొక్కేవాడు. నొక్కిపట్టి ఉంచితే పొడుగు, తాకి వదిలేస్తే పొట్టి. నొక్కుతూ ఒక మాట అనేవాడు. ‘రా బిడ్డ రా’ అనుకుంటా. ‘బిడ్డ రా రా’ కూడా కావచ్చు. మొన్న మనవరాలికి నేర్పుదామని చెయ్యి పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఏ అక్షరం అది?

గణాల పిచ్చి:
రా-బిడ్-డ-రా. గ అంటే గురువు, పొడుగు; ల అంటే లఘువు, పొట్టి. గగలగ. మోర్సులో పొడుగు డా, పొట్టి డి: డా డా డి డా. క్యూ. ఇందులో అనుమానం ఏముందమ్మా?

హనుమకొండ మాస్టారు:
ఉంది. మన దిక్కు పిల్లను పిలిస్తే ‘బిడ్డా’ అనే పిలుస్తారు, ‘బిడ్డ’ అనరు. సంబోధనలో ఆ దీర్ఘం తీసేస్తే అది పిలుపే కాదు. దీర్ఘం ఉంచితే నాలుగూ గురువులే. నాలుగు డాలకు ఇంగ్లిష్ అక్షరం లేదు. ఒక సిగ్నలర్ అలా నేర్పుతాడా?

గణాల పిచ్చి:
నేర్పడు కాబట్టే దీర్ఘం కుదించుకున్నాడు. గణం (గురులఘువుల వరుస) కోసం కవులు చేసే పనే కదా మాస్టారూ.

హనుమకొండ మాస్టారు:
పద్యంలో చేస్తారు. కన్నబిడ్డను పిలిచేటప్పుడు నాలుక ఒప్పుకోదు.

పాత తార్:
నేనూ కీ పట్టినవాణ్ణే. మీరిద్దరూ డాను గురువంటున్నారు, గురువుకు రెండే మాత్రలు. డా అంటే డిట్‌కు, అదే మీ డికి, మూడింతలు. అక్షరం లోపల ఖాళీ ఒక డిట్, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకూ మాటకూ మధ్య ఏడు. లెక్కన డా గురువు కాదు, మూడు మాత్రల ప్లుతం. దూరంగా ఉన్నవాళ్లను కేకేసేటప్పుడు ప్లుతం వస్తుందని పాణిని సూత్రమే ఉంది. తీగ మీద పిలుపు దూరం పిలుపే కదా. నా లెక్కలో ‘రా’ రెండూ ప్లుతాలు, ‘బిడ్డా’లో ‘డా’ కూడా ప్లుతమే. కాబట్టి మాస్టారిదే రైటు, అది ‘బిడ్డ’ అయి ఉండదు.

గణాల పిచ్చి:
మూడు మాత్రలైనా రెండైనా పొడుగు పొడుగే, పొట్టి పొట్టే. ఒక్కసారి గణాలు వరుసగా కొట్టి చూడండి. య గణం డబ్ల్యూ, మ ఓ, త జీ, ర కే, జ ఆర్, భ డీ, న ఎస్, స యూ. ఎనిమిదికి ఎనిమిదీ అక్షరాలే. ఆపదలో పంపే ఎస్ఓఎస్ అంటే న, మ, న. నమన! సీసంలో, ద్విపదలో వాడే ఇంద్రగణాల్లో భ, ర, త పోగా మిగిలిన మూడూ అంతే: నల హెచ్, నగ వీ, సల ఎఫ్. ఇది తెలిసిన రాత్రి పోతన సీసం టేబుల్ మీద వేలితో కొట్టాను.
మందార / మకరంద / మాధుర్య / మున దేలు / మధుపంబు / బోవునే / మదన / ములకు.
జీ, ఎఫ్, జీ, ఎఫ్, ఎఫ్, కే, ఎస్, ఎస్. ‘మకరంద’ దగ్గర రెండు పొట్టి, ఒక పొడుగు, మళ్లీ పొట్టి. తుమ్మెద వాలి లేచినట్టే ఉంది. బమ్మెర మట్టిలో పుట్టిన పద్యం తీగ మీద కూడా పాడుతుంది.

పాలకుర్తి దారి:
పోతనకు దండం. కానీ తీగకు సీసం కన్నా ద్విపద నయం. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, పాదానికి నాలుగే మోర్సు అక్షరాలు. బమ్మెర పక్కనే ఉన్న పాలకుర్తిలో, పోతన కన్నా చాలా ముందే పాల్కురికి సోమన ఆ నడకను ఎత్తుకున్నాడు. జానుతెనుగు, అంటే ఆయన తేట తెలుగు, తీగకు కూడా జానుగానే ఉంటుంది. అన్నట్టు క్యూ అంటే ‘తగ’ (త గణం, ఆపైన ఒక గురువు) కదా, అది ఇంద్రగణం కాదు, చంద్రగణం. ద్విపదలో ఇమడదు.

గణాల పిచ్చి:
వై కూడా చంద్రగణమే, ‘రగ’. ‘బిడ్డ రా రా’ అయితే వై. క్యూను వెనక నుంచి చదివితే వై వస్తుంది, గమనించారా?

పాత తార్:
కొత్తగా నేర్చుకునేవాళ్లు తారుమారు చేసే జంట అదే. ఇంకొకటి. రేడియోలో ఎవరైనా పలకండి అని పిలవడానికి సీక్యూ కొడతారు. సీ అంటే డా డి డా డి, ‘ఊరు వాడ’. తర్వాత క్యూ. ‘ఊరు వాడ, రా బిడ్డ రా.’ మీ బాపు మాట ఆ పిలుపులో సగం అయి ఉంటుందమ్మా. ఇక్కడ మాత్రం ‘డ’ పొట్టిగానే కావాలి, నా ప్లుతం వెనక్కి తీసుకుంటున్నా.

కాజీపేట బిడ్డ:
పోతన పాదం నేనూ కొట్టి చూశాను, రెండుసార్లు. కానీ నా అక్షరం తేలలేదు. ఒకటి గుర్తొచ్చింది. నొక్కిపట్టినప్పుడు ఏమీ అనిపించేది కాదు. పొట్టిది తాకినప్పుడే చక్కిలిగింత. అది ఉంగరం వేలి కిందే, అందులో సందేహం లేదు.

గణాల పిచ్చి:
చూపుడు వేలి నుంచి లెక్కపెడితే ఉంగరం వేలు మూడోది. మూడోది పొట్టి, క్యూ. తేలిపోయింది.

హనుమకొండ మాస్టారు:
చిటికెన వేలి నుంచి లెక్కపెడితే రెండోది. అప్పుడు వై. ఆయన ఎటు నుంచి మొదలుపెట్టేవారమ్మా? మీ పేరు ఏ అక్షరంతో మొదలవుతుంది?

కాజీపేట బిడ్డ:
యకారంతోనే సార్. ఎటు నుంచి మొదలుపెట్టేవాడో గుర్తు లేదు. ఒక్కోసారి ఎదురుగా కూర్చునేవాడు, ఒక్కోసారి నన్ను ఒళ్లో పెట్టుకునేవాడు. ఇందాక మనవరాలి చేతిలో రెండు వైపుల నుంచీ నొక్కి చూశాను. రెండుసార్లూ ఉంగరం వేలి కిందే నవ్వింది.

హనుమకొండ మాస్టారు:
నొక్కేటప్పుడు మీ నోట ‘బిడ్డ’ వచ్చిందా, ‘బిడ్డా’ వచ్చిందా?

కాజీపేట బిడ్డ:
‘బిడ్డా’ అనే వచ్చింది సార్. వేలు మాత్రం తాకి వదిలేసింది.