"నమ్మనే నమ్మను" అన్నవాడి నోట "నా ప్రభువా, నా దేవా"

ప్రశ్న: అందరికీ వందనాలు. మేం చెన్నైలో పెరంబూర్ వైపు ఉంటాం. యోహాను సువార్త 20:28లో, చనిపోయి తిరిగి లేచిన యేసును చూసి శిష్యుడు తోమా "నా ప్రభువా, నా దేవా" అంటాడు కదా. మన బైబిల్లో అది పిలుపు. ఇక్కడి కేథలిక్కుల తమిళ బైబిల్లో "నీరే ఎన్ ఆండవర్! నీరే ఎన్ కడవుళ్!" అని ఉంది, అంటే "మీరే నా ప్రభువు, మీరే నా దేవుడు" అని. మా యూత్ మీటింగ్‌లో ఒక తమ్ముడేమో అది రెండూ కాదు, మనం ఉలిక్కిపడి "ఓరి దేవుడా" అన్నట్టే అన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: చెల్లెమ్మా, "ఓరి దేవుడా" కుదరదు. "అందుకు తోమా ఆయనతో" అని వచనంలోనే ఉంది. ఎదురుగా నిలబడినవాడితో అన్న మాట అది. ఇక గ్రీకులో ఈ రెండు పదాలూ ప్రథమా విభక్తిలో ఉన్నాయి. ఆ భాషలో ప్రథమతోనే పిలవడం కూడా ఉంది. అందుకే మనవాళ్లు పిలుపుగా రాశారు, వాళ్లు వాక్యంగా రాశారు. రెండూ చెల్లుతాయి. నాకు మాత్రం మన పిలుపే దగ్గరగా అనిపిస్తుంది.

అయితే మూడు వచనాలు వెనక్కి వెళ్లకపోతే ఈ పిలుపు బరువు తెలియదు. ప్రభువును చూశామని మిగతా శిష్యులు చెబితే తోమా, ఆయన చేతుల్లో మేకుల గురుతు చూసి, వేలు పెట్టి, ప్రక్కలో చెయ్యి ఉంచితేనే గాని "నమ్మనే నమ్మను" అన్నాడు. గ్రీకులో రెండు నిషేధ పదాలు జంటగా వస్తాయి, "ఊ మే" అని. కాదనడానికి ఆ భాషలో అంతకంటే గట్టి మాట లేదు. దాన్ని మనవాళ్లు "రానే రాను", "తిననే తినను" అని పిల్లలు మొండికేసే తీరులో పెట్టారు. ఆ అనువాదకులకు దండం పెట్టాలి. ఇదే "ఊ మే" 6:37లో యేసు నోటా ఉంది: నా యొద్దకు వచ్చువానిని "ఎంత మాత్రమును బయటికి త్రోసివేయను". శిష్యుడు ఎంత గట్టిగా నమ్మనన్నాడో, ప్రభువు అంత గట్టిగా వదలనన్నాడు.

ఎనిమిది రోజులయ్యాక తలుపులు మూసి ఉండగా ఆయన వచ్చి, తోమా అన్న మాటలనే తోమాకు వినిపించాడు: వేలు, చేతులు, ప్రక్క. ఆయన లేనప్పుడు అన్న మాటలవి! తోమా ఆయన్ని గుర్తుపట్టింది అక్కడేనని నా నమ్మకం. బొమ్మల్లో గాయంలో వేలు పెట్టిస్తారు గానీ, పెట్టినట్టు యోహాను రాయలేదు. యేసు కూడా "చూచి నమ్మితివి" అన్నాడు, ముట్టి అనలేదు. మిగతా శిష్యులకు ఆయన అంతకుముందే చేతులూ ప్రక్కా చూపించాడు (20:20). వాళ్లు చూసి సంతోషించారు, ఇతను చూస్తానంటే అనుమానపు తోమా అయ్యాడు! "ఆయనతో కూడ చనిపోవుటకు మనమును వెళ్లుదము" అన్నది కూడా ఇతనే (11:16). క్రీ.శ. 72లో తోమా హతసాక్షి అయ్యాడని పరంగిమలై కొండని, శాంథోమ్ చర్చి‌ని చూపించి చెప్పుకునే ఊళ్లో ఉన్నారు మీరు. అక్కడైనా ఆ పేరు మానాలని నా కోరిక.

ఇంకొకరు: అన్నా, ఒక్క మాట. మిగతావాళ్లు "మేము ప్రభువును చూచితిమి" అంటే, తోమా "నా" అన్నాడు. కానీ అతనికంటే ముందే మగ్దలేనే మరియ ఏడుస్తూ "నా ప్రభువును ఎవరో యెత్తికొని పోయిరి" అంది (20:13). ఆయన చనిపోయాడనుకుంటూనే "నా" అంది. తర్వాత ఆయన ఎదురుగా నిలిచినా తోటమాలి అనుకుంది, పేరు పెట్టి పిలిచాకే గుర్తుపట్టింది.

జవాబు: నిజమే తమ్ముడూ, అది నేను రాయాల్సింది. "నా ప్రభువు" అన్న మాట మరియది. తోమా దానికి చేర్చింది "నా దేవా". మొదటి అధ్యాయంలో "వాక్యము దేవుడై యుండెను" అని యోహాను తానే చెప్పాడు. ఈ సువార్తలో ఒక శిష్యుడు ఆ మాటను యేసు ముఖం చూసి అన్నది మాత్రం ఇక్కడే, నమ్మనే నమ్మనన్న నోటితోనే.