తోయదమండలాగ్రమున... ‘కు నంతై’యా, ‘కల్లంతై’యా?

అనంతపురం విద్యార్థిని: అంతరిక్ష విధానం మీద థీసిస్ రాస్తున్నా. పాత ఉపగ్రహాల చెత్త గురించిన చాప్టర్‌కి పైన పోతన ‘ఇంతింతై వటుడింతయై’ పెడదామని ఉంది. రెండో పాదంలో ‘తోయదమండలాగ్రమునకు నంతై’ అనేనా? అలాగే ‘నభోవీధి’ని అంతరిక్షం అనుకోవచ్చా? 1967 అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందం కూడా అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదు. 100 కిలోమీటర్ల కార్మాన్ రేఖ వాడుకే గానీ చట్టం కాదు.

ప్రొద్దుటూరు సారు: ‘కల్లంతై’ అమ్మా. శార్దూలంలో 12వ అక్షరం గురువు కావాలి. ‘మునకు నంతై’ అంటే ‘కు’ లఘువై కూర్చుంటుంది. యతి ఎటూ ‘అంత’లోని అకారానికే.

ఆదోని అన్న: ఆ ‘అల్లంత’లోనే ఉంది సార్ అందమంతా. బలి పక్కన నిలబడి ఎవరో వేలెత్తి చూపిస్తున్నట్టు లేదూ?

నంద్యాల తమ్ముడు: అది సరే, ‘ప్రభారాశి’ సూర్యుడేనా? తర్వాతి పద్యంలో రవిబింబాన్ని గొడుగు నుంచి పాదపీఠం దాకా అంత తీరిగ్గా దింపినవాడు ఇక్కడ ఒక్క మాటలో దాటించేస్తాడా? నా లెక్కలో అది పాలపుంత.

ప్రొద్దుటూరు సారు: వెనకాలే ‘చంద్రునికంతయై’ ఉంది చూడు నాయనా. భాగవతం ఐదో స్కంధంలో సూర్యుడి పైన చంద్రుడు. వరస తప్పే కవా మా ఒంటిమిట్ట పోతన?

ఆదోని అన్న: మొదలైంది. పోతన మావాడనే బమ్మెరవాళ్ల కంటపడితే ఇది ఉగాది దాకా తెగదు.

ప్రొద్దుటూరు సారు: పోతన చెప్పుకున్న ఏకశిలానగరం అంటే ఓరుగల్లేనని ఎవరు తేల్చారయ్యా?

కడప అక్క: ఆ పిల్ల అడిగింది వదిలేశారు. పద్యమంతా పైకి పోవడమే, చాప్టరేమో కిందికి దించడం గురించి! పని అయిపోయిన ఉపగ్రహాన్ని 25 ఏళ్లలోపు దించాలన్నది పాత మార్గదర్శకం. అమెరికా 2022లో దాన్ని 5 ఏళ్లకు తగ్గించింది. మన ఇస్రో 2023 మార్చిలో మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహాన్ని పసిఫిక్ మీదికి దించింది. వదిలేసుంటే అది వందేళ్లు దాటినా తిరుగుతూనే ఉండేది. దానికి వటుడెందుకు?

అనంతపురం విద్యార్థిని: ‘వీధి’ కోసం అక్కా. వీధి అందరిదీ. ఒప్పందం రెండో అధికరణం కూడా అంతరిక్షాన్ని ఏ దేశమూ సొంతం చేసుకోకూడదంటుంది.

నంద్యాల తమ్ముడు: వీధికి వరస అనే అర్థం కూడా ఉంది. నీ వాదం పోయింది.

ప్రొద్దుటూరు సారు: ఎందుకు పోతుంది? జ్యోతిషంలో నాగవీధి, గజవీధి ఉన్నాయి, అన్నీ దారులే. కక్ష్య అనే రాసుకో తల్లీ.

ఆదోని అన్న: సార్, నభోవీధి దాటాకే కదా మబ్బులొచ్చేది? మబ్బుల కిందుండేది కక్ష్య ఎట్లయితుంది?

ప్రొద్దుటూరు సారు: ‘తోయదమండలం’ అంటే మబ్బులేనని నీకెవరు చెప్పారు?