అప్‌డేట్: తాళం పడిన గదిలోంచి నా సామాన్లు వచ్చేశాయి

పోయిన వారం రాశాను కదా, ఎస్సార్ నగర్‌లో అగ్రిమెంట్ లేకుండా ఒకాయన అద్దెకుంటున్న గదిలో నేను వాటాకి దిగితే, ఊరెళ్ళొచ్చేసరికి ఆయన తాళం మార్చేశాడని. నిన్న సామాన్లు చేతికొచ్చాయి.

మీరు చెప్పినట్టే ముందు అసలు ఓనర్ ఆంటీని కలిశాను. నేనుంటున్నట్టే ఆవిడకు తెలియదు, పాపం. తర్వాత స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చి, 4 నెలల ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు జత చేశాను. కానిస్టేబుల్ గారు ఫోన్ చేస్తే సాయంత్రానికి తలుపు తెరిచాడు. వీడియో తీస్తూ ఒక్కొక్కటీ సర్దుకున్నాను. సర్టిఫికెట్ల ఫైలు మంచం కింద, అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా పక్కనే, ఒక్క నూనె మరక లేకుండా ఉంది. చూడగానే ఏడుపొచ్చేసింది. కుక్కర్ కనబడలేదు.

స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద తాళం మార్చిన 6 నెలల్లోపు గది తిరిగి ఇప్పించమని దావా వేయొచ్చని లాయర్ గారన్నారు. నాకు ఆ గది వద్దు. అడ్వాన్స్ 8,000 మాత్రం వదలను, నోటీసు రాయిస్తున్నాను.