క్రిస్మస్ చెట్టు పండగయ్యాక నేలలో నాటొచ్చా?

పాలకొల్లు కోడలు: కడియపులంకలో కొన్న అరకేరియా, నాలుగడుగులుంటుంది. పండగంతా హాల్లో ఏసీ కింద, సీరియల్ లైట్లు చుట్టి ఉంచాం. ఇప్పుడు కింది కొమ్మలు ఎండుతున్నాయి. మామయ్యగారు పెరట్లో పాతేయమంటున్నారు. చలిదేశం మొక్క మన ఎండలకు బతుకుతుందా?

నర్సరీ కుర్రోడు: చలిదేశంది కాదక్కా. పసిఫిక్‌లో నార్ఫోక్ దీవిది, సముద్రపు గాలికి తట్టుకుంటుంది. గట్టి మంచు పడితేనే చస్తుంది. కొమ్మలు ఎండింది వెలుతురు చాలక, ఏసీ పొడిగాలికి. ఎండిపోయినవి మళ్ళీ చిగురించవు, కత్తిరించేయండి. ఒకేసారి ఎండలో పెట్టకండి, మాడిపోతుంది. వారం పది రోజులు అరుగు మీద నీడలో ఉంచి, తర్వాత పొద్దుటి ఎండ తగలనివ్వండి. నాటేటప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డ చితక్కూడదు.

సఖినేటిపల్లి సరుగుడు: ఇంత హడావిడా! మా చిన్నప్పుడు సరుగుడు కొమ్మ నరికి, ఇసుక బకెట్లో గుచ్చి, దూది అంటించేవాళ్ళం. న్యూ ఇయర్ వెళ్ళాక పొయ్యిలోకి. 1836లో ఓడ దిగి, తర్వాత నర్సాపురం చేరిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు అరకేరియా కుండీలు మోసుకొచ్చారా?

నర్సరీ కుర్రోడు: ఆవిడ అడిగింది నాటడం గురించండి.

సఖినేటిపల్లి సరుగుడు: అదే చెబుతున్నా. సొంత దీవిలో యాభై మీటర్లు దాటే చెట్టు. 96 తుపానుకు కోనసీమలో కొబ్బరి చెట్లే కూలాయి. ఇంటి పక్కన ఇది దేనికి?

అమలాపురం మాస్టారు: పైకొస తుంచొచ్చా? స్టార్ కట్టడానికని మావాళ్ళు తుంచేశారు.

నర్సరీ కుర్రోడు: గోపురం ఆకారం పోయినట్టే మాస్టారూ. పక్క కొమ్మ కోసి నాటినా పక్కకే పాకుతుంది, నిలువుగా లేవదు.

అమలాపురం మాస్టారు: మాది రెండు కొసలు వేసింది మరి?

రాజోలు రాజు: ఈ తుపాను సాకు నాకు బాగా తెలుసు. చర్చి ఆవరణలో నేను పెంచిన చెట్టును కమిటీ ఇదే మాట చెప్పి కొట్టించింది. వారం తిరక్కుండా అక్కడ రేకుల షెడ్డు లేచింది.

సఖినేటిపల్లి సరుగుడు: గేటు పక్కన బోరింగు ఉన్న చర్చేనా?

రాజోలు రాజు: అదే. మీరెవరు?

సఖినేటిపల్లి సరుగుడు: ఆ కమిటీలో వాణ్ణే. షెడ్డు లేక పెళ్ళిభోజనాలు వానలో తడిసిన సంగతి రాయవేం తమ్ముడూ?

రాజోలు రాజు: షెడ్డు వెనకాల కట్టుకునే చోటు లేదా? ఒక్క మాట అడిగారా నన్ను? ఎనిమిదేళ్ళు నీళ్ళు మోసింది నేను!

సఖినేటిపల్లి సరుగుడు: నాటేటప్పుడు నువ్వు ఎవర్ని అడిగావ్? చెట్టుతో మాకు పేచీ లేదు. మొదట్లో మీ నాన్నగారి పేరుతో పాలరాయి పలక పెట్టావు. తియ్యమంటే తియ్యలేదు. రేపు ఇంకొకరు ఇంకో పలక తెస్తారు. అందరి స్థలంలో పేర్లేంటి?

రాజోలు రాజు: ఫ్యాను రెక్కల మీద మీ ఇంటిల్లిపాది పేర్లూ రాయించుకున్నారుగా. అవి గాలికి తిరుగుతాయి కాబట్టి కనపడవనా?

భీమవరం బుల్లోడు: 😂😂

నర్సరీ కుర్రోడు: అక్కా, మీ పెరట్లో రెండడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయా?

పాలకొల్లు కోడలు: ఊరతాయి. గోడవతల రొయ్యల చెరువు.

నర్సరీ కుర్రోడు: అయితే గోతిలో వద్దు, వేళ్ళు కుళ్ళిపోతాయి. ఒండ్రు మట్టి, ఇసుక కలిపి దిబ్బ పోసి దాని మీద నాటండి. లేదంటే పెద్ద కుండీకి మార్చి డాబా మీద పెట్టుకోండి, వచ్చే క్రిస్మస్‌కీ పనికొస్తుంది.

పాలకొల్లు కోడలు: మామయ్యగారు పొద్దున్నే గొయ్యి తీయించేశారండి.