వర్జీనియా పాత కోర్టు రికార్డుల్లో పూర్వీకుల్ని ఎలా వెతకాలి?

ప్రశ్న: మా కోడలి వాళ్ళది వర్జీనియా, వాళ్ళమ్మ వైపువాళ్ళు 1700ల నుంచీ అక్కడే ఉన్నారంటారు కానీ చర్చి రిజిస్టర్లలో ఏం దొరకట్లేదు. పుట్టబోయే మనవడికి వంశవృక్షం రాసివ్వాలని నా ఆశ. కోర్టు రికార్డుల్లో దొరుకుతుందా అండీ?

జవాబు 1: దొరుకుతుందండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు ఆర్డర్ బుక్స్, అంటే కోర్టు రోజువారీ తీర్పులు రాసుకున్న పుస్తకాలు చూడండి, అప్పుల గొడవలు, విల్లులు, అనాథ పిల్లలకి గార్డియన్లు అన్నీ అందులోనే. ఓడల్లో తెచ్చిన పనిపిల్లల్ని పన్ను లెక్క కోసం కోర్టులో నిలబెట్టి వయసు తేల్చేవాళ్ళు, ఆ ఒక్క లైను దొరికితే పుట్టిన సంవత్సరం అంచనా వచ్చేస్తుంది. చాలా స్కాన్లు ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఫ్రీ. ఇంటిపేరు స్పెల్లింగ్ మాత్రం రకరకాలుగా వెతకండి.

జవాబు 2: డేట్లు జాగ్రత్త అండి. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఫిబ్రవరి 1710 అని ఉంటే మన లెక్కలో 1711. కొన్ని కౌంటీల పుస్తకాలు అమెరికా సివిల్ వార్ (అంతర్యుద్ధం) టైంలో భద్రంగా ఉంటాయని వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ పంపిస్తే 1865లో అక్కడే తగలబడిపోయాయి, అలాంటప్పుడు పక్క కౌంటీ చూడాలి.

జవాబు 3: మేరీల్యాండ్, వర్జీనియా కోర్టు కాగితాల్లో "ఈస్ట్ ఇండియన్" (మన ఇండియా వైపు నుంచి వచ్చినవాళ్ళు) అని రాసిన నౌకర్లు కూడా కనిపిస్తారు, స్వేచ్ఛ కోసం కేసు వేసినవాళ్ళూ ఉన్నారు. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. మీకు అలాంటి పేరు తగిలితే దయచేసి ఇక్కడ పెట్టండి.