ఇంగ్లీష్‌లో రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి: సరిహద్దు ఊళ్ళవాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?

రాయగడ పిల్ల:
మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్తే ఇంగ్లీష్. మా తమ్ముడికి గ్రామర్ బాగానే వచ్చు గానీ నోరు తెరిస్తే ప్రతి మాట చివరా ‘ఉ’ తగులుతుంది, టెస్టు, బుక్కు, ప్రాజెక్టు అని. పైగా రాసిందంతా చదివేస్తాడు, అప్పుని ‘డెబ్ట్’ అంటాడు బీతో సహా. మీ వైపు ఏం చేశారో చెప్పండి. వీడియో లింకులు వద్దు, చూసి చూసి విసిగిపోయాం.

గుణుపురం మాస్టారు:
అమ్మా, ఆ ‘ఉ’ తమ్ముడి ఒక్కడిదే కాదు. మాటని అచ్చుతో ముగించడం మనకు అలవాటు, ఒడియాలోనూ ఇంచుమించు అంతే, అందుకే బళ్ళో కూడా అది ఎవరి చెవికీ ఆనదు. ట్యూషన్‌లో నేను ‘టెస్ట్ ఈజ్’, ‘బుక్ ఆన్’ లాంటివి కలిపి పలికిస్తాను. ‘టెస్టీజ్’ అని అతుక్కుపోయాక ఉకి చోటెక్కడ? సంధి మనకు కొత్తేం కాదుగా. నాలుక అలవాటు పడ్డాక మాట ఒంటరిగా ఉన్నా ఆగాల్సిన చోటే ఆగుతుంది.

ఇక అప్పు సంగతి. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో బీ లేనే లేదు. లాటిన్ ‘డెబిటమ్’ గుర్తుకు రావాలని తర్వాత పండితులు తగిలించారు, జనం మాత్రం ‘డెట్’ అనే అంటూ పోయారు. ‘ఐలండ్’లో ఎస్ కూడా ఇలా దూరిందే. ‘నైఫ్’, ‘నీ’ (మోకాలు) స్పెల్లింగుల ముందున్న కే అలా కాదు, దాన్ని ఒకప్పుడు నిజంగానే పలికేవారు. 1476లో కాక్స్టన్ అనే ఆయన ఇంగ్లండులో అచ్చు ప్రెస్సు పెట్టాక స్పెల్లింగులు మెల్లగా ఖాయమైపోయాయి, నోటి మాట మాత్రం ఆగకుండా మారుతూనే వచ్చింది. కాబట్టి అక్షరాన్ని నమ్మొద్దని చెప్పండి, ముందు విని తర్వాత స్పెల్లింగు చూడమనండి.

సిరొంచ బావ:
మా గడ్చిరోలి వైపు మరాఠీ బడి పిల్లలకు ఇంగ్లీష్ అక్షరం జడ్ (Z)తో అంత తిప్పలుండదు, ‘మాఝా’ (నాది) అనేటప్పుడు వాళ్ళ నోట్లో దానికి దగ్గరి ధ్వనే వస్తుంది. తమాషా ఏంటంటే అది తెలుగులోనూ ఉంది. ‘జడ’ అనండి, ‘జింక’ అనండి. రెండు ‘జ’లూ ఒకటేనా? పాత పుస్తకాల్లో ఆ మొదటి జ మీద 2 లాంటి గుర్తు కూడా వేసేవారు. జడలోని జ పట్టుకుని, నాలుక పళ్ళ వెనక తగలకుండా ఆపి గాలి వదిలితే ‘జూ’ వచ్చేస్తుంది. మా మేనల్లుడికి ఇట్లనే వచ్చింది.

పర్లాకిమిడి కుర్రోడు:
నాకైతే వీ, డబ్ల్యూ గోల. ఒడియా ఫ్రెండ్స్ విశాఖని బిశాఖ అన్నట్టే వీని బీ చేసేస్తారు, మనమేమో రెంటినీ వ కింద కట్టేస్తాం. పశువుల డాక్టరూ తడీ ఒకటే అయిపోయాయి, వెట్, వెట్! అద్దం ముందు నిలబడండి. వీకి పైపళ్ళు కింది పెదవికి తగలాలి, డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్ళు కనపడకూడదు.

బల్లార్షా అక్క:
అన్నీ నిజమే గానీ కస్టమర్ కేర్‌లో పనిచేసినదాన్ని, నన్నడిగితే ఇవన్నీ చిల్లర ఖర్చులు. మాటలో ఎక్కడ ఒత్తి పలకాలో తెలియకపోతేనే అవతలివాళ్ళు ‘సారీ?’ అంటారు. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి చోట ఊనిక, ‘ఫొటాగ్రఫీ’లో రెండోచోట, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడోచోట. ‘డెవలప్’ని మనమంతా డె మీద గుద్దుతాం, ఊనిక వె మీద ఉండాలి. ఊనిక లేని చోట అచ్చు నీరుగారిపోతుంది. ‘బనానా’లో మధ్య నా ఒక్కటే నిండుగా పలుకుతుంది, ముందూ వెనకా ఉన్నవి బద్ధకంగా సగం నోటితో అంతే. మనం మూడింటికీ సమానంగా వడ్డిస్తాం. డిక్షనరీలో ఉచ్చారణ దగ్గర చిన్న నిలువు గీత ఉంటుంది, దాని తర్వాతి భాగం మీదే ఊనిక. తమ్ముడు కొత్త మాట రాసుకున్నప్పుడల్లా ఆ గీత కూడా వేసుకోమను.

రాయగడ పిల్ల:
థాంక్స్ అక్కా, ఆ గీత ఎందుకో ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మాస్టారూ, ‘నడిచాడు’ అనడానికి ‘వాక్డ్’ కరెక్టా, ‘వాక్ట్’ కరెక్టా?

గుణుపురం మాస్టారు:
వాక్ట్. గొంతు మీద వేలు పెట్టి చూడమనండి. క్, ప్, స్ అంటే అదరదు, అక్కడ చివర ట్ వస్తుంది. ‘ప్లే’కి అదురుతుంది కాబట్టి ‘ప్లేడ్’. మాట టీ, డీ ధ్వనితో ముగిస్తేనే ‘ఇడ్’, వాంటిడ్, నీడిడ్ లాగా.

పర్లాకిమిడి కుర్రోడు:
మరి ‘కంఫర్టబుల్’?

బల్లార్షా అక్క:
‘కంఫ్టబుల్’. మధ్యలో ‘ఫర్’లోని ‘అర్’ మింగెయ్ తమ్ముడూ, ఊనిక ‘కం’ మీద.