కొవెంట్రీ - షెఫీల్డ్ వెన్స్‌డే కప్ మ్యాచ్: సీజన్ టికెట్ లేనివాళ్ళకి సీట్లు దొరుకుతాయా?

ఖమ్మం_కుర్రాడు:
అందరికీ నమస్తే. సెప్టెంబర్‌లో మాస్టర్స్ చదవడానికి కొవెంట్రీ వచ్చాను. మా ఇంట్లో ఆరుగురం ఉంటున్నాం, అందరం తెలుగువాళ్ళమే. ఫుట్‌బాల్ టీవీలో చూడటమే గాని ఇక్కడి స్టేడియంలో ఎవరం అడుగుపెట్టలేదు. 2025 జనవరి 11న ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్‌లో చిన్నా పెద్దా జట్లన్నీ ఆడే నాకౌట్ పోటీ) మూడో రౌండ్ మ్యాచ్ మన ఊళ్ళోనే, షెఫీల్డ్ వెన్స్‌డే అనే జట్టుతో ఉందట. కప్ మ్యాచ్‌కి టికెట్ ధర తక్కువ ఉంటుందని పార్ట్‌టైమ్ జాబ్‌లో పరిచయమైన ఒక ఇంగ్లీష్ పెద్దాయన చెప్పాడు.

నా డౌట్లు ఏంటంటే, సీజన్ టికెట్ (సీజన్ మొత్తానికి ఒకేసారి కొనేది) లేకుండా మాకు అమ్ముతారా? ఆరు సీట్లు పక్కపక్కనే దొరుకుతాయా? మా స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకతను 2 టికెట్లు ఉన్నాయి, కొన్న ధరకే ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా? ఇంకో ఫ్రెండేమో ఈ రౌండ్‌కి గ్రౌండ్ సగం ఖాళీగా ఉంటుంది, డబ్బులు దండగ, పెద్ద జట్టు వచ్చినప్పుడు వెళ్దాం అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

విల్లా_వైజాగ్:
తమ్ముడూ, నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను కాబట్టి నా జట్టు వేరు. ఉన్నమాట చెప్తున్నా. మూడో రౌండ్‌లో చాలామంది మేనేజర్లు మెయిన్ ఆటగాళ్ళకి రెస్ట్ ఇస్తారు. మీ ఫ్రెండ్ అన్నదాంట్లో కొంత నిజం ఉంది. స్టూడెంట్ బడ్జెట్‌తో ఒక్క మ్యాచే చూడగలిగితే లీగ్‌లో మంచి మ్యాచ్ ఎంచుకోండి.

స్కైబ్లూ_తెనాలి:
ఖమ్మం తమ్ముడూ, నేను 2009 నుంచి ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. వైట్లీలో ఉద్యోగం, ఇల్లు ఫోల్స్‌హిల్ వైపు. నీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు వాట్సాప్ టికెట్ల సంగతి. వద్దు. ఈ దేశంలో క్లబ్ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం నేరం. 1994లోనే చట్టం తెచ్చారు. లాభం వేసుకోకుండా కొన్న ధరకే ఇచ్చినా కుదరదు. మనవాళ్ళు ఇంటి సామాన్లు, కోచ్ టికెట్లు గ్రూపులో చేతులు మార్చుకున్నట్టే ఇవీ మార్చుకోవచ్చు అనుకుంటారు. ఆ అబ్బాయికి కూడా తెలిసి ఉండదు, నెమ్మదిగా చెప్పు. వీసా మీద ఉన్న పిల్లలు ఇలాంటివాటికి దూరంగా ఉండాలి.

ఇక సీట్లు. సీజన్ టికెట్‌లో వచ్చేది లీగ్ మ్యాచ్‌లు మాత్రమే. మన డివిజన్‌లో 24 జట్లు కాబట్టి ఇంట్లో, అంటే సొంత గ్రౌండ్‌లో, ఆడేవి 23. కప్ మ్యాచ్ అందులోకి రాదు, సీజన్ టికెట్ ఉన్న నేను కూడా విడిగా కొనాల్సిందే. మామూలుగా క్లబ్బులు ఏం చేస్తాయంటే, మా సీట్లు మాకోసం కొన్నాళ్ళు అట్టిపెడతాయి. ఆ గడువు దాటాక కొననివాళ్ళ సీట్లు కూడా అందరికీ వదిలేస్తాయి. లీగ్‌లో ఏళ్ళ తరబడి ఒకే కుటుంబం కూర్చునే మంచి వరుసలు కప్ మ్యాచ్‌కి కొత్తవాళ్ళకి దొరికేది అందుకే. గడువు తేదీ క్లబ్ వెబ్‌సైట్‌లో చూసుకుని మర్నాడు పొద్దున్నే కూర్చుంటే ఆరు కాదు, పది సీట్లు కూడా పక్కపక్కన దొరకొచ్చు.

ఒక్క పని మాత్రం తప్పకుండా చెయ్యండి. ఒకడి అకౌంట్‌లో ఆరూ కొనేయకుండా ఆరుగురూ విడివిడిగా అకౌంట్ తెరవండి, ఉచితమే. కొనేటప్పుడు ఏ టికెట్ ఎవరిదో వాళ్ళ పేరు మీద పెట్టండి. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

విల్లా అన్నగారూ, మెయిన్ ఆటగాళ్ళు ఉండరు అన్నారు. ఉండకపోవచ్చు. కానీ పోయిన సీజన్ మా కప్ ప్రయాణం ఒకసారి గుర్తు చేసుకోండి. 2024 జనవరిలో మూడో రౌండ్, ఇంట్లో ఆక్స్‌ఫర్డ్ మీద 6-2. నాలుగో రౌండ్ ఇదే షెఫీల్డ్ వెన్స్‌డేతో. వాళ్ళ ఊళ్ళో 1-1, డ్రా అయింది కాబట్టి ఇక్కడ మళ్ళీ ఆడిన రీప్లేలో 4-1. అయిదో రౌండ్‌కి మెయిడ్‌స్టోన్ వచ్చింది. ఇంగ్లండ్ లీగుల్లో ఆరో అంచెలో ఆడే చిన్న జట్టు అది, అంతకు ముందే ఇప్స్‌విచ్‌ని వాళ్ళ ఇంట్లోనే ఓడించి వచ్చింది. ఫిబ్రవరి నెల, సోమవారం రాత్రి, చలి ఎముకల్లోకి దిగుతోంది. అయినా ఆ చిన్న ఊరినుంచి వేలమంది వచ్చి ఒక పక్కంతా నింపేశారు. కప్‌లో ఎదుటి జట్టుకి స్టేడియంలో 15 శాతం దాకా సీట్లు అడిగే హక్కుంటుంది. మన స్టేడియంలో 32 వేల పైన సీట్లు, లెక్క వేసుకోండి. మేం 5-0తో గెలిచాం. ఎల్లిస్ సిమ్స్ 3 కొట్టాడు, మామూలుగా బెంచీ మీద ఉండే ఫాబియో టవారెస్ 2 కొట్టాడు. మెయిన్ జట్టులో చోటు దొరకని కుర్రాడికి ఊరంతా లేచి చప్పట్లు కొట్టడం నేను కళ్ళారా చూశాను. లీగ్‌లో అలాంటి రాత్రి ఎప్పుడొస్తుంది చెప్పండి?

ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్, వుల్వ్స్ గ్రౌండ్‌లో. 90 నిమిషాలకి 2-1తో వెనకబడి ఉన్నాం. అదనంగా కలిపిన నిమిషాల్లో సిమ్స్ ఒకటి, హాజీ రైట్ ఒకటి, 3-2! సెమీఫైనల్ వెంబ్లీలో మాంచెస్టర్ యునైటెడ్‌తో. మూడు గోల్స్ వెనకనుంచి 3-3 చేశాం. అదనపు సమయం ఆఖర్లో విక్టర్ టోర్ప్ గోల్ కొడితే వీఏఆర్‌లో (వీడియో చూసి ఇచ్చే తీర్పు) ఆఫ్‌సైడ్ అని తీసేశారు, పెనాల్టీల్లో ఓడిపోయాం. ఆ రోజు గురించి ఇప్పటికీ నాకు మాట్లాడటం కష్టం.

అకౌంట్లు విడివిడిగా అన్నది ఇందుకే. వెంబ్లీ దాకా వెళ్ళినప్పుడు టికెట్లు ఎవరికి ముందు ఇస్తారు? సీజన్ టికెట్ వాళ్ళకి, ఆ తర్వాత ఎక్కువ క్లబ్బుల పద్ధతి ఏమిటంటే, అంతకుముందు కొన్న రికార్డు ఉన్నవాళ్ళకి. జనవరి చలిలో చిన్న రౌండ్‌కి వచ్చినవాళ్ళ పేరు ఆ రికార్డులో ఉంటుంది. పెద్ద మ్యాచ్ వచ్చినప్పుడు వెళ్దాం అనుకున్నవాళ్ళు వరుసలో అందరికంటే వెనక ఉంటారు.

గ్రౌండ్ సగం ఖాళీగా ఉంటుంది అన్న మాట దగ్గరికి వద్దాం. ఖాళీ ఉంటే కొన్ని బ్లాకులు అసలు తెరవరు, స్టీవార్డుల (జనాన్ని చూసుకునే సిబ్బంది) ఖర్చు దండగని. ఖర్చులు పోను గేటు డబ్బు రెండు జట్లూ సమానంగా పంచుకుంటాయి, కొంత భాగం పోటీ నిధికి పోతుంది. అంటే చౌక టికెట్టు, సగం డబ్బు, ఖాళీ గ్యాలరీ కలిసొస్తే క్లబ్‌కి మిగిలేది తక్కువే. కానీ నా బాధ డబ్బు గురించి కాదు.

ఈ ఊరికి సొంత గ్రౌండ్ లేకుండా పోయిన రోజులు నేను చూశాను. అద్దె గొడవల వల్ల 2013లో జట్టు నార్తాంప్టన్ వెళ్ళిపోయింది. 30 మైళ్ళకు పైగా దూరం. మన ఊరి జట్టు ఇంటి మ్యాచ్ అని పరాయి ఊళ్ళో ఆడుతుంటే, నిరసనగా లోపలికి వెళ్ళనివాళ్ళు స్టేడియం బయట దిబ్బ మీద నిలబడి చూసేవారు. ఆ సీజన్ సగటున 2 వేల పైచిలుకు జనమే వచ్చారు. మళ్ళీ 2019 నుంచి రెండేళ్ళు బర్మింగ్‌హామ్‌లో. మా వీధి చివర ఉండే ముసలాయన 1987 ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి వెంబ్లీ వెళ్ళినవాడు. టాటెన్‌హామ్ మీద 3-2, కీత్ హౌచెన్ గాల్లోకి డైవ్ చేసి కొట్టిన హెడర్ గురించి ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి తనివి తీరదు. అలాంటి మనిషి ఆ రెండేళ్ళు శనివారం మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చుని రేడియో పెట్టుకునేవాడు. ఈ 2025 జనవరి నాటికి కూడా స్టేడియం క్లబ్ సొంతం కాలేదు. ఉన్నన్నాళ్ళూ ప్రతి సీటూ నిండాలని నాకుంటుంది. 2024 నవంబర్‌లో మేనేజర్ మార్క్ రాబిన్స్‌ని తీసేశారు, లాంపార్డ్ వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, జట్టుకి ఇప్పుడు జనం అవసరం.

ఈ ఊళ్ళో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో సిటీ సెంటర్‌లో అయిదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. చదువు, పార్ట్‌టైమ్, రూమ్, మళ్ళీ చదువు. ఒక్కసారి వచ్చి కూర్చోండి. పక్కసీటు పెద్దావిడ మీ ఊరేదని అడుగుతుంది, బ్రేక్‌లో వేడి వేడి పై (లోపల కూర పెట్టి కాల్చేది) కొనుక్కుని తినండి. నాకు ఈ ఊళ్ళో మొదటి స్నేహితులు అలాగే దొరికారు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
తెనాలి అన్నయ్యగారూ, మావాళ్ళకి 7, 10 ఏళ్ళు. తీసుకురావచ్చా? గొడవలు, తాగి అరవడాలు ఉంటాయేమోనని భయం.

స్కైబ్లూ_తెనాలి:
తప్పకుండా తీసుకురండమ్మా. కప్ మ్యాచ్‌కే ఎక్కువమంది పిల్లల్ని తెస్తారు, ధర తక్కువ కాబట్టి. ఫ్యామిలీ బ్లాక్ అని చూసి కొనండి, వెన్స్‌డే అభిమానులు కూర్చునే వైపు ఆనుకుని మాత్రం తీసుకోకండి. గ్రౌండ్ కనిపించే చోట మద్యం తాగనివ్వరు, చట్టమే ఉంది, గ్యాలరీలోకి గ్లాసు రాదు. బూతులు మాత్రం వినపడతాయి, దానికి నేనేం చెయ్యలేను. పిల్లలకి కాళ్ళకి రెండు జతల సాక్సులు, కూర్చోడానికి చిన్న దుప్పటి. నీలి, తెలుపు గీతల చొక్కా మాత్రం వేయొద్దు, అది వెన్స్‌డే వాళ్ళది. మనది లేత నీలం.

గచ్చిబౌలి_గ్యాలరీ:
హైదరాబాద్ నుంచి రాస్తున్నా. ఈ చర్చ చదువుతుంటే మనసులో ఏదో అయిపోయింది. డిసెంబర్ 31 రాత్రి సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల జట్ల ఫుట్‌బాల్ పోటీ) ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, బెంగాల్ 1-0 కేరళ. ఆఖరి నిమిషాల్లో రోబి హన్స్‌డా గోల్. నా చుట్టూ కూర్చున్నవాళ్ళు ఎక్కువగా మలయాళీలే. ఉద్యోగాలు చేసుకుంటూ మన ఊళ్ళో ఉన్నవాళ్ళు, డప్పులతో సహా వచ్చారు. కోచ్ రహీం సాబ్ నడిపిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ పోటీ గెలిచిన ఊరు ఇది. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ తెచ్చిన హైదరాబాద్ జట్టు ఈ 2024-25 సీజన్‌లో ఇక్కడ ఆడుతుంటే ఖాళీ సీట్లే ఎక్కువ. తెనాలి అన్నా, మీరు అక్కడ చేస్తున్న పని ఇక్కడ మేం చెయ్యాలి.

స్కైబ్లూ_తెనాలి:
చెయ్యండి తమ్ముడూ. మీ అపార్ట్‌మెంట్ పిల్లల్ని నలుగురిని తీసుకెళ్ళడంతో మొదలుపెట్టు. పదేళ్ళ పిల్లాడికి ఆ పచ్చిక మొదటిసారి కనిపించాక వాడే మళ్ళీ అడుగుతాడు. ఆ మలయాళీ కుర్రాళ్ళతో కూడా పరిచయం పెంచుకో, డప్పు ఎలా వాయించాలో నేర్పుతారు.

విల్లా_వైజాగ్:
మెయిడ్‌స్టోన్ మ్యాచ్ సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా, వెళ్ళమని చెప్తున్నా. మా ఇంటి దగ్గర కప్ మ్యాచ్ పడితే నేను కూడా మా ఆఫీసు పిల్లల్ని లాక్కెళ్తాను.

ఖమ్మం_కుర్రాడు:
అన్నా, వెళ్ళొచ్చాం! ఆరుగురం కాస్తా తొమ్మిదిమంది అయ్యాం, గ్రూపులో ఇంకో ముగ్గురు చేరారు. సీట్లు ఒకే వరుసలో దొరికాయి. 1-1, అదనపు సమయం కూడా అయిపోయి పెనాల్టీలు, 4-3తో మనం గెలిచాం. పోయినేడాదిలా రీప్లే ఉంటుందేమో అనుకున్నా, ఈ సీజన్ నుంచి ఎత్తేశారని పక్కసీటు అంకుల్ చెప్పాడు. ఆఖరి పెనాల్టీ అప్పుడు ఆయన నా భుజం పట్టుకుని వదల్లేదు. గొంతు పోయింది, ఇవాళ షిఫ్ట్‌లో సైగలతో మాట్లాడుతున్నా. నాలుగో రౌండ్‌కి ఎవరితో ఎవరని తీసే చీటీల్లో మళ్ళీ మన గ్రౌండే పడింది, ఇప్స్‌విచ్‌తో! దానికి టికెట్లు కష్టమా?

స్కైబ్లూ_తెనాలి:
శభాష్! పోయినేడాది మెయిడ్‌స్టోన్ చేతిలో ఓడింది ఆ ఇప్స్‌విచ్చే. ఈ ఏడాది ప్రీమియర్ లీగ్‌లో ఉన్నారు కాబట్టి ఈసారి జనం ఎక్కువ వస్తారు. ఫిబ్రవరిలో ఆట. మా సీజన్ టికెట్ వాళ్ళ గడువు పూర్తయ్యేదాకా ఆగక తప్పదు, కానీ తొమ్మిదిమంది పేర్ల మీదా ఇప్పుడు ఒక కొనుగోలు ఉంది కదా, రికార్డు చూసి అమ్మే దశ ఏదైనా పెడితే మీకు మెయిల్ వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూసుకుంటూ ఉండండి. వచ్చేటప్పుడు సిటీ స్టేషన్ నుంచి కొవెంట్రీ అరీనా స్టేషన్‌కి రైలెక్కండి. వెళ్ళేటప్పుడు మాత్రం ప్లాట్‌ఫారం క్యూలో నిలబడొద్దు, నాతో ఫోల్స్‌హిల్ రోడ్డు మీదుగా నడిచి రండి. దారిలో మా ఇల్లు. తొమ్మిదిమందికీ పులిహోర చెయ్యమని మా ఆవిడకి ఇప్పుడే చెప్పాను.